ఏరువాక పున్నమి నాటి నోల్

జూన్ నెలాఖరు వచ్చిందంటే పాత పటాలంవాళ్ళ ఫోన్లలో ఒక పేరు తిరగడం మొదలవుతుంది. మేజర్ పద్మపాణి ఆచార్య, 2 రాజ్‌పుతానా రైఫిల్స్, మహావీర చక్ర. పక్కన తేదీ, 1999 జూన్ 28, కార్గిల్ యుద్ధంలో నోల్ అనే శిఖరం మీద ఆయన పోయిన రోజు. రెండు దీపాల బొమ్మలు, ఒక జెండా, అంతే. కిందనున్న నలుగురూ చేతులు జోడించి వెళ్ళిపోతారు. ఆ రాత్రి ఆ కొండ మీద ఏం పని జరిగిందో, అది ఎందుకంత కష్టమో చెప్పేవాళ్ళు తగ్గిపోతున్నారు.

ఆ ఏడాది జ్యేష్ఠానికి అధికమాసం పడింది. అందుకని ఏరువాక పున్నమి ఆలస్యంగా, సరిగ్గా జూన్ 28న వచ్చింది. ఇక్కడ ఊళ్ళల్లో ఎడ్లకి కొమ్ములు కడిగి, రంగులు పూసి, అరకలు కట్టిన రోజు. అక్కడ కార్గిల్ వైపు, ద్రాస్ కొండల్లో, అదే రోజు రాత్రి నిండు వెన్నెల.

ఇన్‌ఫంట్రీలో, అంటే కాల్బలంలో, పనిచేసినవాళ్ళకి ఏ దాడి గురించి చెప్పినా ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఆ రాత్రి చంద్రుడు ఎలా ఉన్నాడు? 2 రాజ్‌పుతానా రైఫిల్స్ అంతకు రెండు వారాల ముందు తోలోలింగ్ పట్టుకుంది. జూన్ 12 రాత్రి ఎక్కడం మొదలుపెట్టి 13 తెల్లారేసరికి పైకి చేరారు. అది అమావాస్య ముందు రాత్రి. కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి. ఆ చీకటిలో ముందువాడి వీపు మీది పిట్టు, అంటే సామాను సంచి, పట్టుకుని నడవాలి. కాలి కింద ఒక్క రాయి జారినా పైనున్నవాడికి ఆ చప్పుడు తెలిసిపోతుంది. కానీ తెలిసినా ఎటు కాల్చాలో వాడికి కనపడదు. పున్నమికి లెక్క తిరగబడుతుంది. అడుగు ఎక్కడ వెయ్యాలో మనకి బాగా కనిపిస్తుంది, రాళ్ళు జారడం తగ్గుతుంది. కానీ ద్రాస్ కొండలు బోడి కొండలు. చెట్టు లేదు, పొద లేదు. తెల్లటి రాతి మీద కదిలే మనిషి నీడ రెండు వందల మీటర్ల నుంచి కూడా కనిపిస్తుంది. మెషిన్‌గన్ వెనకాల కూర్చున్నవాడికి అంతకన్నా ఏం కావాలి?

అయినా వెన్నెల తగ్గేదాకా ఆగే వీలు లేకపోయింది. తోలోలింగ్ మనదయ్యాక, జూన్ 20న 5140 పాయింట్ అనే శిఖరం మనదయ్యాక, ఆ వరసలో మిగిలినవి నోల్, లోన్ హిల్, త్రీ పింపుల్స్. అవి తెగితేగానీ టైగర్ హిల్ పని తేలిగ్గా సాగదు. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళే రోడ్డు ఆ కొండల కిందనుంచే పోతుంది. పైన దుర్భిణీ పట్టుకుని ఒకడు కూర్చుంటే చాలు, కింద నడిచే ప్రతి లారీ మీదికీ గోలా, అంటే ఫిరంగి గుండు, తెప్పించగలడు.

*

కార్గిల్ రోజులు తలుచుకుంటే ముందు గుర్తొచ్చే వాసన తుపాకిమందుది కాదు, కిరసనాయిలుది. గుడారం వెచ్చబెట్టే బుఖారీలో కిరసనాయిలు, స్టవ్‌లో కిరసనాయిలు, లాంతర్లో కిరసనాయిలు. దుప్పట్లకి, జుట్టుకి, చివరికి టీకి కూడా అదే వాసన. బుఖారీ గొట్టం మసి పట్టిందంటే గుడారం నిండా పొగ. కళ్ళు మండుతున్నా దాని పక్కనుంచి ఎవరూ లేవరు. రాత్రి పడుకోబోయే ముందు దాన్ని ఆర్పి, గుడారం మూతి కొంచెం తీసి ఉంచమని ఉస్తాదులు వందసార్లు చెప్పేవారు. మూసుకుని పడుకుంటే ఆ పొగలోని విషవాయువుకి తెల్లారి లేవరు. ఇప్పుడు రేషన్ షాపుల్లోనే కిరసనాయిలు కరువైంది, ఆ వాసన తెలియని పిల్లలున్నారు.

లంగర్‌లో, అంటే పటాలం వంటశాలలో, పప్పు ఉడకడం ఒక పెద్ద పంచాయితీ. ద్రాస్ దాదాపు 10,800 అడుగుల ఎత్తు. అక్కడ నీళ్ళు 90 డిగ్రీల లోపే మరుగుతాయి. ఇంకా పైన, 15,000 అడుగుల దగ్గర, 85 డిగ్రీలకే మరిగిపోతాయి. మరుగుతున్నాయి కదా అని ఎంతసేపు ఉంచినా పప్పు పప్పులాగే ఉంటుంది, బియ్యం పలుకు విరగదు. ప్రెషర్ కుక్కర్ లేకపోతే అన్నం ఆశ వదులుకోవాల్సిందే. మన దక్షిణాది జవాన్లు కూడా అందుకే అక్కడ పూరీలకి అలవాటు పడ్డారు. నూనెలో వేగింది చెడదు, చల్లారినా నమలొచ్చు, ఊరగాయతో లోపలికి దిగిపోతుంది. దాడికి పోయేవాళ్ళకి పూరీలు, షక్కర్‌పారాలు పొట్లం కట్టి ఇచ్చేవారు.

ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడడానికి పద్ధతి ఉంది. 9,000 నుంచి 12,000 అడుగుల దాకా ఆరు రోజులు, అక్కణ్నుంచి 15,000 దాకా నాలుగు రోజులు, ఆ పైన మరో నాలుగు. మొదటి రెండు రోజులు ఊరికే కూర్చోవాలి. తర్వాత చదునుమీద నడక, ఆ తర్వాత ఖాళీ వీపుతో ఎక్కడం, చివరికి బరువుతో ఎక్కడం. ఈ మెట్లు తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. దగ్గితే గులాబి రంగు నురగ పడుతుంది. దానికి అసలు మందు కిందికి దించడమే. కశ్మీర్ లోయలో, కుప్వారా వైపు మిలిటెంట్ల వేటలో ఉన్న పటాలాన్ని పిలిచి పదిహేనువేల అడుగుల మీద దాడి చెయ్యమనడం ఎంత పెద్ద మాటో ఆ మెట్లు లెక్కపెట్టుకుంటే అర్థమవుతుంది.

*

బరువు లెక్క ఇంకోటి. రైఫిల్ నాలుగు కిలోల పైచిలుకు. తూటాలు, నాలుగైదు గ్రెనేడ్లు, నీళ్ళ సీసా, కోటు, హెల్మెట్, పార, తాడు, వీటితో పాటు కంపెనీ మొత్తానికి పంచే సామాను: రాకెట్ లాంచర్ గుండ్లు, మోర్టార్ గుండ్లు, మెషిన్‌గన్ బెల్టులు. తలా పాతిక కిలోలకి తగ్గదు. 84 మిల్లీమీటర్ల రాకెట్ లాంచర్ ఒక్కటే పద్నాలుగు కిలోలు. అది మోసేవాడికి రైఫిల్ ఇంకొకడు మోస్తాడు.

పొట్లం భోజనం తీస్తే ఇంకో వంద తూటాలు పడతాయి. ఈ బేరం ప్రతి జవానూ మనసులో ఆడుకున్నదే. చాలామంది పొట్లం తీసి పక్కన పెట్టారు. ఆకలికి ఒక రాత్రి ఆగొచ్చు, తూటాలు అయిపోతే ఆగడానికి లేదు. నీళ్ళకి మంచు ఉందిలే అనుకునేవారు. గోలాలు పడిన చోట మంచు కూడా మందు కంపు కొడుతుంది, తింటే కడుపులో తిప్పుతుంది.

అప్పటి ఇన్సాస్ రైఫిల్ కొత్తది. దాని మేగజైన్ పారదర్శకమైన ప్లాస్టిక్, 20 తూటాలు పడతాయి. ఎన్ని మిగిలాయో బయటికి కనిపించడం మంచిదే. కానీ ఆ చలికి ప్లాస్టిక్ పెళుసెక్కి, రాతికి కొట్టుకుంటే పగిలేది. తుపాకి నూనె చలికి చిక్కబడి లోపలి భాగాలు బద్ధకంగా కదిలేవి. అందుకే ఎక్కబోయే ముందు నూనె శుభ్రంగా తుడిచి దాదాపు పొడిగా ఉంచేవాళ్ళు. ఏకే-47 దొరికినవాడు దాన్నే పట్టుకెళ్ళేవాడు.

*

కాగితం మీద ఒక రైఫిల్ కంపెనీ అంటే నూట ఇరవై మంది దాకా. మూడు ప్లటూన్లు, ప్లటూన్‌కి మూడు సెక్షన్లు, సెక్షన్‌కి పదిమంది. సెలవు మీద పోయినవాళ్ళు, జ్వరాలవాళ్ళు, సామాను దగ్గర ఉండాల్సినవాళ్ళు పోగా దాడికి నిలబడేది ఎనభై, తొంభై మంది. చదునులో ఒక్కడు కాపలా ఉంటే ముగ్గురు దాడికి కావాలంటారు. కొండల్లో ఆరుగురు, తొమ్మిదిమంది ఉన్నా చాలదంటారు. కానీ నోల్ మీదికి పోయే దారి కత్తి అంచులాంటి శిఖరపు గీత. రెండు పక్కలా లోయ. దాని మీద ఇద్దరు ముగ్గురికి మించి పక్కపక్కన నడవలేరు. అంటే కంపెనీ ఎంత పెద్దదైనా శత్రువు ముందుకి ఒకేసారి వచ్చేది ముగ్గురే, మిగిలినవాళ్ళంతా వెనక వరసలో నిలబడి దెబ్బలు తినేవాళ్ళే.

అలాంటి కంపెనీకి కమాండర్ ఆచార్య. పుట్టింది 1969 జూన్ 21. అంటే దాడికి వారం ముందు ముప్పై నిండాయి. ఒడియా కుటుంబం, ఇల్లు హైదరాబాద్. ఉస్మానియాలో డిగ్రీ చేసి, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ నుంచి సైన్యంలోకి వచ్చాడు. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా చేసిన మనిషి, 1965, 1971 యుద్ధాలు చూసినవాడు. అందుకే ఆ ఇంట్లో ఉత్తరాలు దాపరికం లేకుండా నడిచాయి.

ఆచార్య కింద ఒక ప్లటూన్ విజయంత్ థాపర్‌ది. వయసు 22. కమిషన్ వచ్చింది 1998 డిసెంబరులో, అంటే అప్పటికి ఆరు నెలల నౌకరీ. పేరు విజయంత టాంకు మీద పెట్టింది, ఆయన తండ్రి కూడా సైన్యంలో కల్నల్. మామూలుగా ప్లటూన్లని సుబేదార్లు, నాయబ్ సుబేదార్లు నడుపుతారు. ఒకటో రెండో మాత్రం కుర్ర ఆఫీసర్లకి ఇస్తారు. ఇరవై ఏళ్ళ నౌకరీ ఉన్న హవల్దార్లు ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి "సాబ్" అని పిలిచి, వాడు చెప్పిన చోటికి చావుకైనా పోతారు. ఇది బయటివాళ్ళకి వింతగా ఉంటుంది. లోపలున్నవాళ్ళకి తెలుసు. ఆ సాబ్ అందరికన్నా ముందు నడుస్తాడు, అందరూ తిన్నాక తింటాడు. ఈ రెండూ తప్పిన రోజున ఆ పిలుపులో బలం ఉండదు.

ఉత్తరాలు

ఆ రోజుల్లో కొండ మీద ఫోన్ లేదు. కిందికి దిగినప్పుడు ఎస్టీడీ బూత్ దగ్గర వరస, లైన్ కలిస్తే రెండు మాటలు. మిగతాదంతా ఉత్తరమే. చిరునామాలో ఊరి పేరు ఉండదు. నంబరు, ర్యాంకు, పేరు, పటాలం, కేరాఫ్ 56 ఏపీఓ, అంటే సైన్యం పోస్టాఫీసు నంబరు. అంతే. ఇంట్లోవాళ్ళకి కొడుకు ద్రాస్‌లో ఉన్నాడో కుప్వారాలో ఉన్నాడో ఆ అంకెల్ని బట్టి తెలియదు. కిందినుంచి పైకి తూటాలు, కిరసనాయిలు మోసుకెళ్ళేవాళ్ళే టపా సంచి కూడా మోసుకెళ్ళేవాళ్ళు. దిగేటప్పుడు అదే సంచిలో జవాబులు వచ్చేవి. ఒక ఉత్తరం పోయి జవాబు రావడానికి పదిరోజులు పట్టినా ఎవరూ విసుక్కునేవారు కాదు.

ఆచార్య జూన్ 19న తండ్రికి రాసిన ఉత్తరం తర్వాత చాలా చోట్ల అచ్చయింది. పోయినవాళ్ళ లెక్క చూసి బెంగపడొద్దు, ఈ వృత్తిలో అది ఉండేదే అని రాశాడు. యుద్ధంలో నిలబడే అవకాశం బతుకులో ఒక్కసారి దక్కే గౌరవం అన్నాడు. ఆ పక్కనే ఇంకో మాట. కడుపుతో ఉన్న భార్యకి రోజుకో కథ మహాభారతం నుంచి చెప్పమని, పుట్టబోయే బిడ్డకి మంచి బుద్ధులు అబ్బుతాయని. అభిమన్యుడి కథ తెలిసిన ఇంట్లో ఆ కోరిక ఎక్కడినుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. కూతురు ఆయన పోయాక పుట్టింది.

థాపర్ రాసింది ఇంకో రకం ఉత్తరం. తిరిగి రాకపోతేనే ఇంటికి చేరేది. అది చేతికందే వేళకి తాను అప్సరసల ఆతిథ్యంలో ఉంటానని సరదాగా మొదలుపెట్టాడు. మళ్ళీ మనిషిగా పుడితే మళ్ళీ సైన్యంలోనే చేరతానన్నాడు. వీలైతే వచ్చి ఈ చోటు చూడండని పిలిచాడు. అనాథాశ్రమానికి డబ్బివ్వమన్నాడు. కుప్వారాలో తనకి చేరికైన ఒక చిన్నపిల్లకి నెలకి 50 రూపాయలు పంపమన్నాడు. చావు గురించి రాస్తూ నెలవారీ పద్దు కూడా రాసిన కుర్రాడు! పటాలం అలవాటు అది. ఎక్కే ముందు బాకీలు తీర్చుకోవాలి, ఎవరికి ఏమివ్వాలో రాసి పెట్టుకోవాలి.

ఆ రాత్రి

దాడి ఎలా నడవాలో పుస్తకంలో ఉంటుంది. కొండ కింద ఒక గట్టి స్థావరం. అక్కణ్నుంచి చీకట్లో నడిచి, శత్రువుకి కనిపించని ఒక మడతలో కంపెనీ అంతా చేరి వరసలు కట్టాలి. దాన్ని ఎఫ్‌యూపీ అంటారు, దాడికి కుదురుకునే చోటు. అక్కడ ఒక్కో ప్లటూన్ తన స్థానంలో కూర్చుంటుంది, గ్రెనేడ్లు చేతికి అందేలా సర్దుకుంటారు, గడియారాలు కలుపుకుంటారు. ఈలోగా మన ఫిరంగులు పైనున్న సంగర్ల మీద, అంటే శత్రువు రాళ్ళతో కట్టుకున్న మాటుల మీద, గుండ్లు కురిపిస్తుంటాయి. కార్గిల్‌లో ఒక్కో శిఖరం మీదికి వందకు పైగా ఫిరంగులు కాల్చిన రాత్రులున్నాయి. బోఫోర్స్ 155, 105 మిల్లీమీటర్లవి, మోర్టార్లు. అనుకున్న నిమిషానికి ఆ కాల్పులు ముందుకి జరుగుతాయి, ఆ క్షణాన కంపెనీ లేచి ఎక్కాలి.

ఇందులో చెడేది ఎక్కడంటే, ఒకటి, ఫిరంగి జరిగిన క్షణానికీ మన మనిషి సంగర్ దగ్గరికి చేరే క్షణానికీ మధ్య ఖాళీ. చదునులో అది ఒకటి రెండు నిమిషాలు. పదిహేనువేల అడుగుల మీద బరువుతో గంటకి వందా నూటయాభై మీటర్ల ఎత్తు ఎక్కితే గొప్ప. కాబట్టి ఖాళీ పెరిగిపోతుంది. ఆ ఖాళీలో రాళ్ళ కింద దాక్కున్నవాడు లేచి, దుమ్ము దులుపుకుని, మెషిన్‌గన్ వెనకాల కూర్చుంటాడు. రెండోది, ఎఫ్‌యూపీ చోటు. తొంభై మంది కూర్చోగలిగిన మడతలు కొండ మీద ఎన్ని ఉంటాయి? రెండో మూడో. పైనున్నవాడికి కూడా ఆ సంగతి తెలుసు. వాడు పగటిపూటే ఆ మడతల మీద గుండ్లు వేయించి, దూరాలు రాసి పెట్టుకుంటాడు. రాత్రి అనుమానం వస్తే వైర్‌లెస్‌లో ఒక నంబరు చెబితే చాలు.

ఆ రాత్రి జరిగింది అదే. కంపెనీ దాడికి కదులుతుండగానే శత్రు ఫిరంగుల గుండ్లు సరిగ్గా ముందు ప్లటూన్ మీద పడ్డాయి. చాలామంది అక్కడికక్కడే కూలారు, గాయపడ్డారు. మెత్తటి మంచులో గుండు పడితే సగం లోపలే అణిగిపోతుంది. రాతి మీద పడితే ఇనుప ముక్కలతో పాటు రాతి చెక్కలూ లేస్తాయి, ఒక గుండు రెండు గుండ్ల పని చేస్తుంది. దాడి మొదలవక ముందే ఆగిపోయే దశకి వచ్చింది.

అక్కడ కంపెనీ కమాండర్ ముందు మూడు దారులుంటాయి. నేలకి కరుచుకుని గుండ్లు ఆగేదాకా పడుకోవడం. వెనక్కి తగ్గి, మనుషుల్ని మళ్ళీ కూర్చుకుని, ఇంకో గంట అడగడం. లేదా ముందుకి పోవడం. ఒళ్ళు మొదటిది చెయ్యమంటుంది. రెండోది తప్పని ఎవరూ అనరు, కానీ జూన్ నెలలో అక్కడ చీకటి ఎనిమిది గంటలు కూడా సరిగ్గా ఉండదు, తెల్లవారితే ఆ బోడి శిఖరం మీద ఒక్కడూ మిగలడు. మూడోది వినడానికి పిచ్చి, లెక్కకి నిజం. శత్రువు తన సంగర్లకి మరీ దగ్గరగా తన గుండ్లు వేసుకోలేడు. కాబట్టి గుండ్ల వాన నుంచి బయటపడే దారి శత్రువు వైపే ఉంది. ఈ ముక్క తరగతిలో అందరికీ చెబుతారు. గుండ్లు పడుతుంటే లేచి నడవడం మాత్రం ఎవరూ నేర్పలేరు.

ఆచార్య రిజర్వ్ ప్లటూన్‌ని పట్టుకుని ఆ గుండ్లలోంచే ముందుకి నడిచాడు. రిజర్వ్ అంటే చేతిలో ఆఖరి పైసా. ముందువాళ్ళు సందు చేస్తే దాన్ని పెద్దది చెయ్యడానికి, శత్రువు ఎదురుదాడి చేస్తే నిలబెట్టడానికి దాచుకునేది. దాన్ని మొదట్లోనే ఖర్చుపెడితే తర్వాత ఏం జరిగినా చేతిలో ఏమీ ఉండదు. కంపెనీ కమాండర్ మామూలుగా ముందు ప్లటూన్ల వెనక, వైర్‌లెస్ ఆపరేటర్నీ ఫిరంగుల ఆఫీసర్నీ పక్కన పెట్టుకుని ఉంటాడు. అక్కణ్నుంచి హుకుం ఇచ్చి రిజర్వ్‌ని పంపినా ఎవరూ వేలెత్తి చూపరు. కానీ ముందు ప్లటూన్ ముక్కలవడం కళ్ళారా చూసిన ముప్పైమంది, పంపితే పోతారా, తీసుకెళ్తే పోతారా? ఆయన తీసుకెళ్ళాడు. చుట్టూ మనుషులు పడిపోతున్నా పేరుపేరునా పిలుస్తూ, నిటారు రాతి మీదుగా పైకి.

*

తర్వాతి పని గ్రెనేడ్‌ది. సినిమాల్లో దీన్ని చూసి జనం చాలా తేలిగ్గా అనుకుంటారు.

అప్పటిది 36 నంబరు గ్రెనేడ్. పైన గళ్ళుగళ్ళుగా ఉండే ఇనుప గుండు, ముప్పావు కిలో దాకా తూగుతుంది. పెట్టెలో ఉన్నప్పుడు దాంట్లో ప్రాణం ఉండదు. కింది బిరడా విప్పి, డిటొనేటర్ ఉన్న ఇగ్నైటర్ సెట్ లోపల కూర్చోబెట్టి, మళ్ళీ బిగించాలి. దాడికి ముందు సాయంత్రం ఇది ఒక్కొక్కటిగా, తొందరపడకుండా చెయ్యాల్సిన పని. చలికి వేళ్ళు మొద్దుబారితే చేతి తొడుగు తీసి, చంకలో పెట్టి వేడి చేసుకుని మళ్ళీ చేస్తారు. పిన్ను కొసలు ముందే కొంచెం నిటారు చేసి పెట్టుకుంటారు, లేకపోతే సమయానికి ఊడదు. పళ్ళతో లాగితే పిన్ను రాదు, పన్ను వస్తుంది. లీవర్ వదిలిన దగ్గర్నుంచి నాలుగు సెకన్లు.

ఆ నాలుగు సెకన్లే కొండ మీద పగ తీర్చుకుంటాయి. చదునులో మంచి చెయ్యి ముప్పై గజాలు విసురుతుంది. నిటారు వాలులో, కోటు మీద కోటు వేసుకుని, ఊపిరాడక, పడుకునే విసరాలంటే పదీ పన్నెండు గజాలు పోతే ఎక్కువ. అది కూడా సంగర్ గోడకి తగిలిందంటే దొర్లుకుంటూ విసిరినవాడి మీదికే వస్తుంది. సంగర్ అంటే రాళ్ళు పేర్చిన గోడ, పైన ఇనుప రేకులో దూలాలో, వాటి మీద మళ్ళీ రాళ్ళు. ముందు జానెడు వెడల్పు సందు, అందులోంచి మెషిన్‌గన్ మూతి. గ్రెనేడ్ ఆ సందులోంచి లోపల పడితేనే పని. అంటే సందుకి అందేంత దగ్గరికి పాకాలి. అది కూడా ఎదురుగా కాదు, పక్కనుంచి, గన్ మూతి తిరగలేని కోణంలోంచి. అక్కడ ఇంకో తిరకాసు. తెలివైన శత్రువు ఒక సంగర్ పక్కని ఇంకో సంగర్ కాసేలా కడతాడు. ఒకదాని పక్కకి చేరేవాడు రెండోదాని ముందు నగ్నంగా ఉంటాడు. అందుకే ఒకరిద్దరు ఆ రెండోదాని సందు మీదికి ఆగకుండా కాలుస్తుండాలి. వాళ్ళ మేగజైన్ మార్చుకునే ఆ కొద్ది సెకన్లే పాకేవాడికి ప్రాణగండం.

ఆచార్య అలా పాకి వెళ్ళి గ్రెనేడ్లు వేశాడు. ఆ పాకడంలోనే బలంగా గాయపడ్డాడు. కదల్లేని స్థితి. చుట్టూ ఉన్నవాళ్ళతో నన్ను వదిలి మీరు దూకండి అన్నాడు, తాను పడినచోటి నుంచే కాలుస్తూ ఉన్నాడు.

ఆ హుకుం చదివినప్పుడల్లా జనం త్యాగం అంటారు. అవును. కానీ దాంట్లో కంపెనీ కమాండర్ లెక్క కూడా ఉంది. ఆ వాలులో గాయపడిన ఒక్క మనిషిని కిందికి దించాలంటే నలుగురు కావాలి, నిటారు చోట్ల ఆరుగురు. ముప్పైతో మొదలైన ప్లటూన్‌లో అప్పటికి ఎందరు మిగిలారో! అందులోంచి నలుగురు తన కోసం ఆగితే దాడి అక్కడే చచ్చేది. దాడిలో గాయపడినవాడి దగ్గర ఆగకూడదు, వెనక స్ట్రెచర్‌వాళ్ళు వస్తారు అనేది ఇన్‌ఫంట్రీలో అందరికీ నేర్పే నియమం. తన జవాను పడితే ఆ నియమం పాటించడం కష్టం, తన సాబ్ పడితే ఇంకా కష్టం. అందుకే సాబే నోరు తెరిచి చెప్పాల్సి వచ్చింది. వాళ్ళు దూకారు, సంగర్లు చేతికొచ్చాయి. పని పూర్తయ్యాక ఆయన ప్రాణం పోయింది.

*

అదే రాత్రి అదే శిఖరం మీద థాపర్ కూడా పోయాడు. గుండ్ల వానకి చెదిరిన తనవాళ్ళని ఒక లోయ మడతలోంచి కూడగట్టుకుని, వెన్నెట్లో, ఆ కత్తి అంచు మీద మెషిన్‌గన్‌కి ఎదురు వెళ్ళాడు. తలకి తగిలింది. వీరచక్ర వచ్చింది.

ఇంకో పక్క కెప్టెన్ నైకెఝాకువో కెంగురుసె. నాగాలాండ్ కుర్రాడు, అసలు ఆర్మీ సర్వీస్ కోర్ ఆఫీసర్, అంటే రేషన్లు, రవాణా చూసే శాఖ. పటాలానికి అటాచ్‌మెంట్ మీద వచ్చి ఘాతక్ ప్లటూన్, అంటే పటాలంలోని కమాండో దళం, నడిపాడు. నున్నటి రాతి గోడ, బూట్లు జారుతున్నాయి. పదహారువేల అడుగుల చలిలో బూట్లు, మేజోళ్ళు విప్పేసి, ఒట్టికాళ్ళతో రాతిని పట్టుకుని ఎక్కాడు. కొండల్లో పెరిగినవాడికి తెలిసిన విద్య అది. రబ్బరు అడుగు తడిరాతి మీద జారుతుంది, పాదం జారదు. మహావీర చక్ర ఆయనకీ వచ్చింది. తోలోలింగ్‌లో పోయిన మేజర్ వివేక్ గుప్తా, బతికి బయటపడ్డ నాయక్ దిగేంద్ర కుమార్‌తో కలిపి ఆ ఒక్క పటాలానికే నాలుగు మహావీర చక్రలు.

శిఖరం చేతికొచ్చాక చప్పట్లు ఉండవు, ఇంకా పెద్ద పని ఉంటుంది. సంగర్ల సందులన్నీ మన వైపు తిరిగి ఉన్నాయి కదా, ఎదురుదాడి వచ్చేది అవతలి వైపునుంచి. కాబట్టి చచ్చిన అలసటలో కూడా ముందు రాళ్ళు ఇటునుంచి తీసి అటు పేర్చాలి. తూటాలు లెక్కపెట్టి సమంగా పంచాలి. ఎవరున్నారు, ఎవరు లేరు, పేర్లు పిలవాలి. పిలిచిన పేరుకి జవాబు రాకపోతే కాస్త ఆగి మళ్ళీ పిలుస్తారు. చలికి వైర్‌లెస్ బ్యాటరీ మొరాయిస్తే చొక్కా లోపల పెట్టి వేడి చేస్తారు. గాయపడినవాళ్ళని తెల్లారకముందే మడతల్లోకి దించాలి. చీతా హెలికాప్టర్ ఆ వాలులో రాత్రి దిగదు, పగలు దిగినా దాని మీదికి గోలా వస్తుంది. కింద లంగర్‌లో కాచిన టీ పైకి చేరేసరికి చల్లారి, దాని మీద కిరసనాయిలు వాసన తేలుతూ ఉంటుంది. ఎవరూ వంక పెట్టరు.

ఆ తర్వాత కంపెనీలో మిగిలినవాళ్ళు ఇంకో పని చేస్తారు, దాన్ని గురించి ఎవరూ పెద్దగా రాయరు. పోయిన ఆఫీసర్ సామాను లెక్క. దానికో కమిటీ కూర్చుంటుంది. నల్ల ఇనప పెట్టె తెరిచి, చొక్కాలు, పుస్తకాలు, ఫోటోలు, షేవింగ్ సామాను, డబ్బులు, ఒక్కొక్కటీ రాసి, సంతకాలు పెట్టి, తాళం వేసి ఇంటికి పంపాలి. మెస్ బిల్లు బాకీ ఉంటే అదీ రాయాలి. ఇరవై రెండేళ్ళ కుర్రాడి పెట్టెలో పెద్దగా ఏముంటుంది? పావుగంట పని. రాసేవాడికి మాత్రం పూట పడుతుంది.

36 గ్రెనేడ్ స్థానంలో 2021 నుంచి కొత్త మల్టీ మోడ్ గ్రెనేడ్లు వస్తున్నాయి. ఇన్సాస్‌లు పోతున్నాయి. ద్రాస్‌లో ఇప్పుడు సెల్‌ఫోన్ మోగుతుంది, తోలోలింగ్ కింద స్మారకం దగ్గర టూరిస్టు బస్సులు ఆగుతాయి. అక్కడ నిలబడి పైకి చూస్తే కొండ దగ్గరగానే కనిపిస్తుంది, గంటలో ఎక్కేయొచ్చు అనిపిస్తుంది. చాలామంది అలాగే అంటారు. ఖాళీ చేతులతో, పట్టపగలు, ఎవరూ కాల్చకుండా ఒక ఐదువందల మెట్లు ఎక్కి చూడమనండి.

త్రీ పింపుల్స్ జూన్ 29కి మనదైంది. జులై 4న టైగర్ హిల్.